ఘోషా స్త్రీల వైద్యురాలు: డాక్టర్ అన్నా కుగ్లర్

గజపతినగరం చుట్టుపట్ల పల్లెలలో కాన్పు కష్టమైనప్పుడు విజయనగరం ఘోషా ఆసుపత్రికి తీసికొనిపోవడం పెద్దలందరూ ఎరిగిన సంగతే. విశాఖపట్టణంలోని విక్టోరియా ఆసుపత్రిని కూడా జనం ఘోషా ఆసుపత్రి అనే వ్యవహరిస్తారు. ఈ ఘోషా సంస్కృతంలోని ఘోష కాదు. పారసీక భాషలో గోషా అనగా మూల. పరపురుషుని కంటబడకుండా ఇంటి మూలగదిలో ఉండే స్త్రీ గోషా స్త్రీ. ఆ మాట తెలుగువారి నోట పడి ఒక ఒత్తును సంపాదించుకొని ఘోషా అయింది. ఏ మూలలో స్త్రీలు నోరు మెదపకుండా బాధను ఓర్చుకొన్నారో, ఆ మూలకు పేరైన పదమే కాలక్రమాన మొర అనే అర్థమిచ్చే రూపాన్ని ధరించడం చిత్రమైన విషయం.

ఆ బాధలలో బయటికి చెప్పుకోవడానికి వీలులేనిది పొత్తికడుపు నొప్పి. జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది, పదిమందికీ తెలుస్తుంది. కాలు విరిగితే కంటికి కనబడుతుంది. పొత్తికడుపులో, నడుములో, తొడలలోకి పాకుతూ నెలల తరబడి, ఏండ్ల తరబడి ఉండే సలుపు పైకి కనబడదు. దానిని అనుభవించే స్త్రీ వంట చేస్తూనే ఉంటుంది, నీళ్ళు మోస్తూనే ఉంటుంది. ఆడపుట్టుక పుట్టిన తరువాత ఇది తప్పదని తల్లీ చెబుతుంది, అత్తా చెబుతుంది. నూట నలభై ఏండ్ల కిందట మన దేశంలో ఈ నొప్పికి ప్రధాన కారణం కాన్పే. బిడ్డ అడ్డం తిరిగి రెండు మూడు దినాలు నొప్పులు పడిన స్త్రీకి ప్రాణం దక్కినా, బిడ్డ తల ఒత్తిడికి మూత్రకోశం చిరిగి, నాటినుండి మూత్రం ధారగా కారుతూనే ఉండేది. మంత్రసాని చేతిగోళ్ళనుండి, పాత గుడ్డలనుండి సోకిన చీము గర్భాశయాన్ని దాటి పొత్తికడుపులో వ్యాపించేది. అది మానినప్పుడు కూడా లోపలి అవయవాలను ఒకదానితో ఒకటి అతికించి విడిచిపెట్టేది. ఆ అతుకులు లాగినప్పుడల్లా నొప్పి. పురిటి మంచం దిగిన నాలుగవనాడే బరువులు మోసిన బీద స్త్రీకి గర్భసంచి జారేది. ఇది మరొక నొప్పి.

జిల్లా కేంద్రంలో దొర డాక్టరు ఉన్నా ఈ స్త్రీకి అతనివల్ల ప్రయోజనం స్వల్పం. అతడు గడపలో నిలిచి, భర్త చెప్పిన లక్షణాలు విని, తెర పక్కనుండి చాచిన చేతి నాడిని పట్టి చూసి మందు వ్రాయవలసిందే. నాడి పట్టి చూచినంతమాత్రాన పొత్తికడుపు నొప్పికి మూలం తెలియడం అసాధ్యం. అసలు భర్తకే ఆమె సంపూర్ణంగా చెప్పుకొని ఉండదు.

తెలుగుదేశంలో ఈ తెరను దాటి లోపలికి పోయిన తొలినాటి వైద్యులలో అగ్రగణ్యురాలు గుంటూరు కుగ్లర్ ఆసుపత్రికి పేరుగా మిగిలిన అన్నా సారా కుగ్లర్.

ఆమె 1856 ఏప్రిల్ 19న అమెరికా దేశంలో పెన్సిల్వేనియా రాష్ట్రపు ఆర్డ్‌మోర్‌లో జన్మించింది. జర్మన్ సంతతికి చెందిన లూథరన్ కుటుంబం. చదువుకొన్నది ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో. పట్టం పొందినది 1879లో. ఆ కళాశాల 1850లో స్థాపితమైంది. స్త్రీలకు వైద్యవిద్య నేర్పడానికే ఏర్పడిన మొదటి విద్యాలయాలలో అది ఒకటి. స్త్రీలు వైద్యం చదవడం అమెరికాలో మాత్రం సులభసాధ్యమని ఎవరైనా అనుకొంటే పొరపాటు. 1869లో ఆ కళాశాల విద్యార్థినులు ఫిలడెల్ఫియాలోని పెద్దాసుపత్రికి పాఠం వినబోతే అక్కడి మగ విద్యార్థులు కేకలు వేసి, ఎగతాళి చేసి, కాగితపు ఉండలు విసిరి అవమానించారు. అదే సంవత్సరం ఆ కళాశాలనుండి బయటపడిన క్లారా స్వెయిన్ మరుసటి యేడు బరేలీ చేరి, మన దేశంలో పనిచేసిన మొదటి మిషనరీ వైద్యురాలయింది. 1886లో అక్కడనే పట్టం పుచ్చుకొన్న మహారాష్ట్ర వనిత ఆనందీబాయి జోషీ పేరు మన విద్యార్థులలో చాలామందికి తెలిసినదే. దురదృష్టవశాత్తు ఆమె మరుసటి యేడే కన్నుమూసింది.

పట్టం పొందిన తరువాత కుగ్లర్ కొంతకాలం నోరిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో స్త్రీల విభాగంలో పనిచేసింది. ఆ విభాగానికి అధిపతి కూడ ఒక స్త్రీయే, డాక్టర్ ఆలిస్ బెన్నెట్. ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. స్త్రీకి కలిగే ప్రతి బాధకూ, చివరకు మతిభ్రమణానికి కూడా, గర్భాశయమో అండాశయమో కారణమని ఆ కాలపు వైద్యులు చాలామంది నమ్మేవారు. 1872లో బాటీ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు నొప్పి నివారణకోసం రోగము లేని అండాశయాలను సైతం తీసివేసే పద్ధతిని ఆరంభించాడు. అది ఇరవై యేండ్లపాటు రెండు ఖండాలలోనూ ఫాషనులాగా చెలరేగి, అనంతరం వైద్యలోకంలోనే నిరసనకు పాత్రమైంది. కుగ్లర్ విడిచివచ్చిన పదేండ్లకు నోరిస్‌టౌన్ చికిత్సాలయంలోనే ఇటువంటి శస్త్రచికిత్సలపై పెద్ద వివాదం రేగింది.

గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషన్ 1842నుండి ఉంది. దానిని స్థాపించినవాడు హయ్యర్ దొర. అక్కడ పనిచేస్తున్న రో అనే మిషనరీ ఈ ప్రాంతపు స్త్రీలకు ఒక వైద్యురాలు అత్యవసరమని కుగ్లర్‌కు లేఖ వ్రాశాడు. 1882లో ఆ రో గుంటూరులోనే జ్వరంతో మరణించాడు. కుగ్లర్ ప్రయాణానికి సిద్ధపడింది గాని, ఆమెను పంపవలసిన స్త్రీల సంఘానికి మాత్రం వైద్యం మీద నమ్మకం చాలలేదు. వైద్యాలయాన్ని నడపడానికి ద్రవ్యం లేదు. మందులివ్వడం మతసంస్థ పని అవునో కాదో అనే సంశయం వేరు. అందుచేత ఆమెను ఉపాధ్యాయినిగానే నియమించారు. వైద్యం చేయడానికి అభ్యంతరం లేదన్నారు, చేయమని మాత్రం అనలేదు. ఆమె తన మందుల పెట్టెనూ పరికరాలనూ సర్దుకొని 1883లో ఓడ ఎక్కి, ఆ సంవత్సరం నవంబరు నెలాఖరున గుంటూరు చేరింది. వయస్సు ఇరవైయేడు. అప్పటికి గుంటూరుకు రైలు లేదు; గుంటూరు ప్రత్యేక జిల్లా కూడ కాదు, కృష్ణా జిల్లాలో ఒక భాగం.

మొదటి రెండేండ్లూ ఆమెకు అప్పగించిన పని బాలికల పాఠశాలల పర్యవేక్షణ. పగలు బడి, తెలుగు నేర్చుకోవడం. తక్కిన వేళలలో రోగులు. ఈ పాఠశాలల పని వ్యర్థం కాలేదనే చెప్పాలి. పిల్లల తల్లులను చూడడానికి ఇండ్లకు పోవడం ద్వారానే ఆమెకు మూలగదుల తలుపులు తెరచుకొన్నాయి. తొలి సంవత్సరంలోనే కొన్ని వందల మందికి చికిత్స చేసింది. 1885 చివరకు సంఘంవారు ఆమెను వైద్యురాలిగా అధికారికంగా అంగీకరించారు. 1886లో ఒక చిన్న మందులశాల వెలిసింది.

పై కులాల ఇండ్లలో ఆమె స్థానమేమిటో ఊహించుకోవడం నేటి విద్యార్థులకు కష్టం. ఆమె అంటరానిది. ఆమె కాలు పెట్టిన చోటు శుద్ధి చేసుకొనేవారు. ఆమె చేయి తగిలిన స్త్రీ స్నానం చేసేది. ఆమె నీటితో కలిపిన మందు గొంతు దిగదు. వైద్యం కావాలి, వైద్యురాలు తాకరాదు. ఈ రెండింటి నడుమ ఎంతో ఓర్పుతో నడవవలసి వచ్చింది. ఎదుటివారి ఆచారాన్ని వెక్కిరించి తన పంతం నెగ్గించుకొనే స్వభావమే ఆమెకు ఉండి ఉంటే రెండవసారి ఏ గడపా ఆమెను రానిచ్చేది కాదు. మతప్రచారం ఆమె ఉద్దేశాలలో ఒకటనడంలో సందేహం లేదు. ఆమె దానిని దాచలేదు. ఆ విషయంలో ఆమెతో ఏకీభవించని ఇండ్లవారే ఆమెకోసం బండ్లు పంపేవారు.

అప్పటి వైద్యశాస్త్రం ఆమె చేతికిచ్చిన ఆయుధాలెన్నో కూడా తెలుసుకోవాలి. మత్తునిచ్చే క్లోరోఫారం 1847నుండి ఉంది. లిస్టర్ దొర కార్బాలిక్ ఆమ్లంతో పుండ్లు కుళ్ళకుండా కాపాడవచ్చునని 1867లో వెల్లడించాడు. చిరిగిన మూత్రకోశాన్ని వెండి తీగతో కుట్టే విద్యను అమెరికాలో మారియన్ సిమ్స్ అంతకు ముందే సాధించాడు. అతడు దానిని నేర్చుకొన్నది నీగ్రో బానిస స్త్రీల దేహాలమీద, మత్తైనా ఇవ్వకుండా. ఆ సంగతిని శాస్త్రచరిత్ర చాలాకాలం చెప్పకుండా దాటవేసింది. జారిన గర్భసంచిని నిలపడానికి వలయాలు ఉండేవి. తక్కిన పొత్తికడుపు నొప్పులకు వేడినీటి చికిత్సలు, గ్లిజరిన్‌లో తడిపిన దూది, నల్లమందు, విశ్రాంతి. చివరిదే కష్టం. కోడలికి విశ్రాంతి ఇవ్వండని చెప్పడం సులభం. ఆమె లేచేవరకు పొయ్యి ఎవరు రాజేస్తారు? ఇంటిలో ఉంచి చేసే చికిత్స ఎంతవరకు సాగుతుందో కొద్ది సంవత్సరాలలోనే కుగ్లర్‌కు అర్థమైంది. స్త్రీని ఇంటినుండి కొన్ని దినాలు వేరుచేసి పడుకోబెట్టగల చోటు ఉంటే తప్ప ఈ వ్యాధులు మానవు. ఆసుపత్రికోసం ఆమె పడిన తపన అంతా ఇందులోనుండి పుట్టినదే.

ఇదే కాలంలో మద్రాసులో ఇదే ప్రయత్నం వేరొక దిక్కునుండి సాగుతూ ఉంది. మద్రాసు వైద్య కళాశాల 1875లో నలుగురు స్త్రీలను చేర్చుకొన్నది. వారిలో ఒకరైన మేరీ షార్లీబ్ తరువాత లండనులో పై చదువు ముగించుకొని తిరిగివచ్చి, 1885లో కులస్త్రీలకూ గోషా స్త్రీలకూ ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి వెలియడానికి మూలకారకురాలయింది. దాని భవనానికి లక్ష రూపాయలిచ్చినవారు తెలుగు ప్రభువైన వేంకటగిరి రాజా. అదే సంవత్సరం రాజప్రతినిధి భార్య డఫరిన్ దొరసాని పేర దేశమంతటా స్త్రీల వైద్యానికి నిధి ఏర్పడింది. మన ఉత్తర కోస్తాలోని ఘోషా ఆసుపత్రుల పేర్లు ఆ కాలపు జ్ఞాపకాలే. అయితే గజపతినగరం తాలూకా పల్లెలో నొప్పితో మూలుగుతున్న స్త్రీకి నాడు మద్రాసుగాని గుంటూరుగాని అందుబాటులో లేవు. విజయనగరంనుండి పార్వతీపురం వైపు రైలు పడినది ఈ శతాబ్దికి ముందరి శతాబ్దపు మొదటి దశకం చివరలో. అంతవరకు నాటుబండి, లేకపోతే డోలీ. కదలిస్తే ప్రాణం పోతుందనే భయం వేరు.

1889లో కుగ్లర్ స్వదేశం వెళ్ళింది. సెలవుకు వెళ్ళినదనే మాటే గాని, ఊరూరా తిరిగి ఆసుపత్రికి ధనం కూడబెట్టడమే ఆమె పని. 1891లో తిరిగివచ్చింది. స్థలం సంపాదించి, 1893లో మందులశాలకు సొంత కట్టడం లేపి, 1898 జూన్ 23న స్త్రీల ఆసుపత్రిని తెరిచింది. ఓడ దిగినది మొదలు పదునాలుగున్నర ఏండ్లు! ఈ నడుమ 1895లో డాక్టర్ మేరీ బేర్ అనే సహచరి వచ్చి చేరింది. తరువాత చీరాలలో స్త్రీల వైద్యానికి పునాది వేసినది ఆమెయే. కేథరిన్ ఫాస్ అనే నర్సు స్థానిక బాలికలకు పరిచర్య నేర్పింది. రోగి పక్క శుభ్రం చేయడం నీచమైన పనిగా భావించే సమాజంలో ఈ బాలికలకు కలిగిన ఇక్కట్లు తక్కువేమీ కావు.

ఆసుపత్రి వెలిసినా పై కులాలవారికి భోజన సమస్య తీరలేదు. వేరొకరు వండినది తినరు, వేరొకరు తెచ్చిన నీరు త్రాగరు. రోగి వెంట వచ్చిన బంధువులకు బస ఎక్కడ? ఈ చిక్కును విప్పినవారు ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావు బహద్దరు. ఆయన స్వయంగా కవి. మంజువాణి పత్రికను నడిపిన సాహిత్యపోషకుడు. తన భార్యకు కుగ్లర్ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి చెంత ఒక సత్రం కట్టించారు. బంధువులు అందులో బసచేసి, తమ పొయ్యిమీద తాము వండి, తమ రోగికి తామే పెట్టుకొనవచ్చును. శస్త్రవైద్యానికి గొప్ప యంత్రాలు కావాలంటారు గాని, నాటి గుంటూరులో ఒక స్త్రీ మూడు వారాలు మంచంమీద నిశ్చింతగా పడుకోవడానికి కావలసినది ఈ వంటశాల. ప్రత్యర్థి మతస్థురాలి ఆసుపత్రికి ఒక హిందూ ప్రభువు సత్రం కట్టించడం ఆనాడు ఎందరినో ఆశ్చర్యపరచింది.

స్త్రీ వైద్యురాలు ఎదుట కూర్చుంటే రోగి నోరు తెరుస్తుంది. ఆ వినడమే సగం పరీక్ష. నొప్పి ముట్టుతో వస్తుందా, ముట్టు ఆగినా ఉంటుందా? మూత్రం పోసేటప్పుడా, విరేచనమయ్యేటప్పుడా, సంసారంలోనా? ఎన్ని కాన్పులు, ఎన్ని పోయాయి? ఈ ప్రశ్నలను భర్తద్వారా అడిగించడం ఎట్లా? నేటి వైద్యులు కూడా మొదలుపెట్టేది ఈ ప్రశ్నలతోనే. ఆరు మాసాలు మించి ఉండే పొత్తికడుపు నొప్పిని వారు దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. దాని మూలం గర్భాశయంలోనే ఉండాలని లేదు. మూత్రకోశం, పేగులు, కటిభాగపు కండరాలు, నరాలు, ఏదైనా కావచ్చును. ఒకేసారి రెండు మూడు కూడా కావచ్చును. గర్భాశయపు లోపలి పొర వంటి కణజాలం బయట అవయవాలమీద పెరిగి నెలనెలా బాధించే వ్యాధిని అమెరికాలో సాంప్సన్ అనే వైద్యుడు 1921లో విపులంగా వర్ణించాడు. అంతకు ముందు ముప్పై ఎనిమిదేండ్లుగా గుంటూరు స్త్రీలను చూస్తున్న కుగ్లర్, పేరు తెలియకుండానే ఆ రోగాన్ని అనేకసార్లు చూచి ఉంటుంది. నొప్పి ఏండ్ల తరబడి నిలిస్తే నరాలకే దాని అలవాటు పట్టి, మొదటి కారణం తొలగిన తరువాత కూడ నొప్పి మిగులుతుందని వైద్యులు ఇప్పుడు గుర్తించారు. అందుచేత మందులు, హార్మోనులు, కండరాలను సడలించే వ్యాయామం, మనసుకు ఓదార్పు కలిపి చికిత్స చేయమంటారు. కత్తి అవసరమైన చోటనే.

ఈ చివరి మాట మన రాష్ట్రంలో ఎందరి చెవికెక్కినదో సందేహమే. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదిహేను మొదలు నలభైతొమ్మిదేండ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురికి కొంచెం పైబడితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. అన్ని రాష్ట్రాలలో ఇదే హెచ్చు. నడుము నొప్పి, తెల్లబట్ట, కడుపు నొప్పి అని వచ్చిన ముప్పై ఐదేండ్ల కూలి స్త్రీకి సంచి తీసివేయడమే మందని చెప్పడం బాటీ నాటి ఫాషనుకు ఎంత దూరమో ఆలోచించవలసిన విషయం. మునుపు స్త్రీ తెర చాటున ఉండి వైద్యుని ఎరుగదు. ఇప్పుడు తెర లేదు, కాని ఆ నాలుగు ప్రశ్నలు అడిగే తీరిక కొన్ని చోట్ల లేదు.

1905లో ప్రభుత్వం కుగ్లర్‌కు కైజర్-ఇ-హింద్ పతకాన్ని బహూకరించింది. ఆమె ఆసుపత్రి పెరిగింది. కొత్త వార్డులు వచ్చాయి. దూరపు తాలూకాలనుండి బండ్లమీద స్త్రీలు వచ్చేవారు. పూర్వం తాకిన చోట స్నానం చేసిన ఇండ్లలోని మనుమరాండ్రు ఆమె ఆసుపత్రిలోనే పురుడు పోసుకొన్నారు. వార్ధక్యంలో ఆమెను రక్తక్షీణత పీడించింది. అయినా స్వదేశంలో విశ్రాంతి తీసికొనడానికి ఇష్టపడలేదు. 1928లో తన ఆసుపత్రి చరిత్రను ఒక గ్రంథంగా వ్రాసి ప్రకటించింది.

1930 జూలై 26న గుంటూరులో ఆమె మరణించింది. వచ్చిన నాటినుండి నలభై ఆరేండ్ల ఎనిమిది నెలలు. ఆసుపత్రికి ఆమె పేరు పెట్టారు. ఏ పురిటి జ్వరపు చీమును ఎదుర్కొనడానికి ఆమె వద్ద వేడినీరు, కార్బాలిక్, విశ్రాంతి తప్ప మరేమీ లేకపోయినవో, దానిని అణచగల మొదటి సల్ఫా మందును జర్మనీలో డోమాక్ లోకానికి వెల్లడించినది 1935లో; మరుసటి యేడు లండనులో ఆ మందుతో పురిటి జ్వరపు రోగులను బ్రతికించగలిగారు.